రెజ్లర్ల ఫినిషర్లు: ఏది గొప్పదో చెప్పాల్సింది దెబ్బ తిన్నవాడి మెడే

2000వ దశకంలో బడికి వెళ్లిన పిల్లల సంచుల్లో పుస్తకాలతో పాటు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులూ ఉండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ర్యాంకు... ఒక్కో రెజ్లర్‌కు ఒక్కో అంకె. పెద్ద అంకె ఉన్న కార్డుదే గెలుపు. కానీ అంకెలతో తేలని వాదన ఒకటి ఉండేది: ఎవరి ఫినిషర్ గొప్పది? అండర్‌టేకర్ టూంబ్‌స్టోనా? స్టోన్ కోల్డ్ స్టన్నరా? రాండీ ఆర్టన్ ఆర్‌కేఓనా? బ్రాక్ లెస్నర్ ఎఫ్-5నా?

ఆ తరం ఇప్పుడు ముప్ఫైల్లో ఉంది. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సేథ్ రోలిన్స్ బరిలోకి దిగితే చూడాలని ఎదురుచూసింది ఎక్కువగా ఆ తరమే. 2025 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ కార్యక్రమాలు నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక పాత మ్యాచ్‌లతో పాటు పాత వాదన కూడా మళ్లీ మొదలైంది.

ఈ వాదనకు సమాధానం లేకపోలేదు. కాకపోతే దాన్ని కొట్టేవాడి బలంలో వెతికితే దొరకదు. ఫలితం ముందే నిర్ణయించిన ఆటలో ‘బలమైన దెబ్బ’ అనే మాటకు అర్థమే వేరు.

ఇద్దరూ కలిసి చేసే పని

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలుస్తారన్నది రింగ్‌లోకి రాకముందే నిర్ణయమవుతుంది. ఇది ఇప్పుడు రహస్యం కాదు. ఫినిషర్ ఆ కథకు పెట్టే చుక్క. స్టేడియం చివరి వరుసలో కూర్చున్నవాడు కూడా ఒక్క క్షణంలో గుర్తుపట్టాలి. సన్నగా ఉన్నవాడి మీదా, కొండలాంటివాడి మీదా చేయగలగాలి. ఏడాదిలో వందకు పైగా రాత్రులు, రోజుకో ఊళ్లో, అదే తీరుగా రావాలి.

ఫలితం నాటకమే అయినా, పడటం నాటకం కాదు. రింగ్ అడుగున ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన పలుచటి ఫోమ్, దాని మీద కాన్వాస్ ఉంటాయి. పరుపు మీద పడ్డట్టు ఉండదు. అందుకే శిక్షణ పడటంతో మొదలవుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా, చేతులు చాపి పడాలి. దెబ్బ ఒక్కచోట కాకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. దీన్నే ‘బంప్’ అంటారు.

కాబట్టి ఏ ఫినిషర్‌నైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. పడే క్షణంలో పడేవాడి తల ఎవరి అదుపులో ఉంది? వందల రాత్రులు అదే పని చేస్తే కొట్టేవాడి ఒళ్లు ఏమవుతుంది? చూసేవాడు దాన్ని ముగింపుగా నమ్ముతున్నాడా?

ఒకే పేరు, రెండు పైల్‌డ్రైవర్లు

మొదటి ప్రశ్నకు పైల్‌డ్రైవర్‌ను మించిన ఉదాహరణ లేదు. ఎదుటివాడిని తలకిందులుగా పట్టుకుని, అతడి నడినెత్తి నేలకు తగిలినట్టు కనిపించేలా కూలబడటమే పైల్‌డ్రైవర్. తలకిందులుగా ఉన్నవాడు గడ్డం దాచుకోలేడు, వీపు మీద పడలేడు. అతడి మెడ పూర్తిగా ఎదుటివాడి చేతుల్లో ఉంటుంది.

అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్‌లో అతడు మోకాళ్ల మీద కూలబడతాడు. పట్టు సరిగ్గా ఉంటే, తొడల మధ్య ఉన్న తల మోకాళ్ల కంటే పైనే ఉండిపోతుంది. నేలకు తగిలేది కొట్టేవాడి మోకాళ్లే. అదే పట్టులో మోకాళ్ల మీద కాకుండా పిరుదుల మీద కూర్చుంటే లెక్క మారిపోతుంది. కొట్టేవాడి నడుము నేల దాకా దిగుతుంది, దానితో పాటు పడేవాడి తల కూడా దిగుతుంది. కొద్ది అంగుళాల తేడా.

ఆ అంగుళాలు 1997 ఆగస్టు 3న న్యూజెర్సీలో కనిపించాయి. సమ్మర్‌స్లామ్ మ్యాచ్‌లో ఓవెన్ హార్ట్ కూర్చుని చేసిన పైల్‌డ్రైవర్‌తో స్టీవ్ ఆస్టిన్ తల నేరుగా నేలకు తగిలింది. కాసేపు అతడి కాళ్లూ చేతులూ కదల్లేదు. ఓవెన్ హార్ట్ ప్రేక్షకులతో మాటలు కలుపుతూ సమయం నెట్టుకొచ్చాడు. ఆస్టిన్ పాకుతూ వచ్చి, చిన్న పట్టుతో మ్యాచ్ ‘గెలిచాడు’. నిర్ణయించిన ఫలితం నిలబడింది, మెడ మాత్రం నిలబడలేదు. 2000 జనవరిలో మెడకు శస్త్రచికిత్స జరిగింది. 2003లో రెజిల్‌మేనియా-19 తర్వాత రింగ్‌కు దూరమయ్యాడు. 19 ఏళ్లకు, 2022లో, మళ్లీ ఒక మ్యాచ్ ఆడాడు.

అంతకు అయిదేళ్ల ముందు, 1992 సెప్టెంబర్‌లో, జపాన్‌లో జరిగిన మ్యాచ్‌లో పాత్రలు తారుమారుగా ఉన్నాయి. అప్పుడు కూర్చుని టూంబ్‌స్టోన్ చేసింది ఆస్టిన్. మెడకు తీవ్ర గాయమైంది మసాహిరో చోనోకు. ఇద్దరూ పేరున్న రెజ్లర్లే, ఎదుటివాడిని గాయపరచాలని ఇద్దరిలో ఎవరికీ లేదు. పొరపాటుకు చోటివ్వని పట్టులో చిన్న పొరపాటు జరిగింది, అంతే.

తర్వాతి కాలంలో డబ్ల్యూడబ్ల్యూఈ పైల్‌డ్రైవర్‌ను దాదాపు నిషేధించింది. అండర్‌టేకర్, కేన్‌ల టూంబ్‌స్టోన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అంటే అనుమతి పట్టుకు దొరకలేదు, ఇద్దరు మనుషుల మీద ఉన్న నమ్మకానికి దొరికింది.

పవర్‌బాంబ్‌ది కూడా ఇదే కుటుంబం. కెవిన్ నాష్, బటిస్టా వంటి భారీకాయులకు పేరు తెచ్చిన ఎత్తుగడ ఇది. భుజాల ఎత్తుకు లేపి వీపు మీద పడేస్తారు. పట్టు గట్టిగా ఉంటే పడేవాడు బంప్ తీసుకోగలడు. పట్టు జారితే? 1999 అక్టోబర్‌లో న్యూయార్క్ శివార్లలోని నాసా కొలీజియంలో డి-లో బ్రౌన్ పవర్‌బాంబ్ వేస్తుండగా పట్టు తప్పింది. డారెన్ డ్రోజ్‌డోవ్ మెడ విరిగింది. 2023లో చనిపోయేదాకా ఆయన చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. డి-లో బ్రౌన్‌ను ఆయన ఎన్నడూ నిందించలేదు.

పడేవాడి చేతిలో తాళం

ఇప్పుడు స్టన్నర్‌ను చూద్దాం. ఆస్టిన్ కడుపులో తన్నుతాడు, వెనక్కి తిరిగి ఎదుటివాడి గడ్డాన్ని భుజం మీద పెట్టుకుంటాడు, కూర్చుంటాడు. పడేవాడు మోకాళ్ల మీదికి వస్తాడు. తల ఎక్కడ ఉండాలో, ఒళ్లు ఎంత ఎగరాలో, ఎటు పడాలో అన్నీ అతడి ఇష్టమే. ది రాక్ స్టన్నర్ తిని బంతిలా ఎగిరిపడిన దృశ్యాలు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే, ఆ గొప్పతనంలో సగం దెబ్బ తిన్న రాక్‌దే.

ఆర్‌కేఓ దీనికి దగ్గరి చుట్టం. జానీ ఏస్ వాడిన ఏస్ క్రషర్, డైమండ్ డల్లాస్ పేజ్ వాడిన డైమండ్ కట్టర్ తర్వాత ఆర్టన్ చేతికొచ్చిన ఎత్తుగడ అది. మెడను చంకలోకి లాక్కుని ఇద్దరూ కలిసి పడతారు. పడేవాడు చేతులు ముందుకు చాచి ఛాతీ మీద పడతాడు. మెడకు ముప్పు తక్కువ. ఎక్కడి నుంచైనా, ఏ క్షణంలోనైనా రావచ్చు కాబట్టి ప్రేక్షకుడికి ఉత్కంఠ ఎక్కువ. అందుకే ఇంటర్నెట్ మీమ్‌ల కాలంలో కూడా నిలిచింది.

అయితే రెండో ప్రశ్న ఇక్కడ అడ్డొస్తుంది. ప్రతి ఆర్‌కేఓకు ఆర్టన్ గాల్లోకి లేచి తన వీపు మీద తానే పడాలి. ఒక రాత్రి కాదు, రెండు దశాబ్దాలు. 2022 మేలో వెన్ను సమస్యతో తప్పుకున్న అతడు, వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్స తర్వాత 2023 నవంబర్‌లో గానీ తిరిగి రాలేదు. అతడి వెన్ను దెబ్బతినడానికి ఆర్‌కేఓ ఒక్కటే కారణమని చెప్పలేం. ఆ బరువులో దానికీ వాటా ఉండకపోదు.

జాన్ సీనా ఆటిట్యూడ్ అడ్జస్ట్‌మెంట్ మధ్యేమార్గం. భుజాల మీదికి ఎత్తుకుని, తిప్పి, వీపు మీద పడేస్తాడు. పడేవాడికి నేల కనిపిస్తుంది, చదునుగా పడటానికి సమయం ఉంటుంది. చూడటానికి గొప్ప విన్యాసమేమీ కాదు. కానీ బిగ్ షో అంతటి మనిషిని ఎత్తినప్పుడు స్టేడియం లేచి నిలబడింది. బలప్రదర్శన, భద్రత రెండూ అందులో ఉన్నాయి.

కొట్టేవాడు కట్టిన వడ్డీ

కొన్ని ఫినిషర్లలో ఎదుటివాడికి ఏమీ కాదు, కొట్టేవాడే అరిగిపోతాడు. 2025 జులై 24న చనిపోయిన హల్క్ హోగన్ లెగ్‌డ్రాప్ అలాంటిది. 1987 మార్చిలో పోంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఆండ్రే ది జెయింట్‌ను ఎత్తి పడేసిన తర్వాత ముగింపు చుక్క పెట్టింది దానితోనే. పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, కాలు చాచి పిరుదుల మీద పడటం. ఎదుటివాడి మెడ మీదికి కాలు తేలికగా వచ్చి ఆగుతుంది. దాదాపు 140 కిలోల మనిషి బరువంతా మాత్రం నేరుగా అతడి వెన్నెముక మీద పడుతుంది. హోగన్ తర్వాతి జీవితమంతా వెన్ను, తుంటి, మోకాళ్ల శస్త్రచికిత్సలతో గడిచింది. లెగ్‌డ్రాపే తన వెన్నును పాడుచేసిందని ఆయనే చెప్పుకున్నారు.

ఇంకా చేదు చరిత్ర డైవింగ్ హెడ్‌బట్‌ది. రింగ్ మూల స్తంభం మీది నుంచి దూకి, తలతో ఎదుటివాడిని కొట్టడం. దీనికి ఆద్యుడిగా చెప్పే హార్లీ రేస్, దాన్ని కనిపెట్టినందుకు తర్వాత బాధపడ్డారు. ఆయన తర్వాత డైనమైట్ కిడ్ దాన్ని అందుకున్నారు. ఒళ్లు లెక్కచేయని తీరుకు పేరుపడ్డ ఆ బ్రిటిష్ రెజ్లర్ చివరి దశాబ్దాలు చక్రాల కుర్చీలో గడిపి 2018లో చనిపోయారు. ఆయనను ఆరాధించిన క్రిస్ బెన్వా కూడా అదే ఎంచుకున్నాడు.

2007 జూన్‌లో బెన్వా తన భార్యను, ఏడేళ్ల కొడుకును చంపి, ఆత్మహత్య చేసుకున్నాడు. మెదడును పరీక్షించిన వైద్యుడు జూలియన్ బెయిల్స్, అది 85 ఏళ్ల అల్జీమర్స్ రోగి మెదడులా ఉందని చెప్పారు. అప్పటికి బెన్వా వయసు 40. పదేపదే తలకు తగిలే దెబ్బల వల్ల వచ్చే మెదడు క్షీణతను వైద్యులు గుర్తించారు. ఆ హత్యలకు ఒక ఎత్తుగడను కారణంగా చూపించడం తప్పు, అది నేరాన్ని తేలిక చేసినట్టే. కానీ తలనే ఆయుధంగా వాడే పనిని ఏళ్ల తరబడి చేస్తే మెదడు దాన్ని మర్చిపోదన్న సంగతిని ఆ తర్వాత ఎవరూ కాదనలేకపోయారు. అదే హెడ్‌బట్‌ను వాడిన డేనియల్ బ్రయాన్ తలకు తగిలిన దెబ్బల కారణంగా 2016లో రిటైర్మెంట్ ప్రకటించాల్సి వచ్చింది. వైద్యుల అనుమతితో 2018లో తిరిగొచ్చాడు.

నమ్మకం తగ్గితే ఎత్తు పెరుగుతుంది

మూడో ప్రశ్న ప్రేక్షకుడికి సంబంధించింది. ఫినిషర్ తిన్నవాడు మూడు లెక్కపెట్టేలోపు భుజం లేపితే స్టేడియం అదిరిపోతుంది. ఆ అదురు కోసం పదిసార్లు అదే చేస్తే, పదకొండోసారి ఆ ఫినిషర్‌ను ఎవరూ నమ్మరు. అప్పుడు రెండు దారులు: అదే దెబ్బను మళ్లీ మళ్లీ కొట్టడం, లేదా ఇంకా ప్రమాదకరమైనది కనిపెట్టడం.

డబ్ల్యూడబ్ల్యూఈ ఎక్కువగా మొదటి దారి పట్టింది. 2014 ఏప్రిల్ 6న రెజిల్‌మేనియాలో అండర్‌టేకర్ ఓటమి ఎరుగని రికార్డును ముగించడానికి లెస్నర్‌కు మూడు ఎఫ్-5లు కావాల్సి వచ్చింది. రికార్డు పెద్దది కాబట్టి ఆ లెక్క కథకు సరిపోయింది. తర్వాత మామూలు పెద్ద మ్యాచ్‌లకు కూడా అదే అలవాటైంది.

జపాన్ రెండో దారిలో చాలా దూరం వెళ్లింది. 1990లలో ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్ మ్యాచ్‌లను గొప్ప కళగా ఇప్పటికీ అభిమానులు చెప్పుకుంటారు. మిత్సుహారు మిసావా, తోషియాకి కవాడా, కెంటా కొబాషీ ఒకరిని మించి ఒకరు ఆడారు. నిన్నటి ఫినిషర్ ఇవాళ మామూలు దెబ్బగా మారేది. కాబట్టి తల, మెడ మీద పడేలా పట్టులు మారుతూ వచ్చాయి. 1994 జూన్ 3న కవాడా మీద మిసావా వాడిన టైగర్ డ్రైవర్-91 అలాంటిదే. చేతులు వెనక్కి బంధించి ఉంటాయి కాబట్టి పడేవాడికి కాచుకునే వీలుండదు.

2009 జూన్ 13న హిరోషిమాలో మిసావా ఒక బ్యాక్‌డ్రాప్ తిని లేవలేదు. ఆ రాత్రే చనిపోయారు. వయసు 46. అది ఆయన వేలసార్లు తిన్న మామూలు పట్టు. అంతకుముందు ఏళ్ల తరబడి మెడ మీద పేరుకున్న బాకీ ఆ రాత్రి వసూలైంది. ఆ బాకీలో చప్పట్లు కొట్టిన ప్రేక్షకుల వాటా కూడా ఉంది. ‘ఇంకా’ అని అడిగింది వాళ్లే.

నియమాలు మారాయి, ఒప్పందం మారలేదు

బెన్వా ఉదంతం తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ కొన్ని జాగ్రత్తలు తీసుకుంది. తల గాయాలను కొలిచే పరీక్షలు వచ్చాయి. 2010లో తల మీద కుర్చీతో కొట్టడాన్ని నిషేధించింది. రింగ్‌లో తగిలిన గాయాలకు చికిత్స ఖర్చు భరిస్తుంది. ఇవన్నీ మేలైన మార్పులే.

కానీ రెజ్లర్లు ఆ కంపెనీకి ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో ఆడాలో కంపెనీ చెబుతుంది. కాగితం మీద మాత్రం ఎవరికి వారే యజమానులు. తల గాయాలపై పలువురు మాజీ రెజ్లర్లు వేసిన దావాను 2018లో అమెరికా కోర్టు కొట్టేసింది. ఆహారం డెలివరీ చేసే కుర్రాడిని ‘భాగస్వామి’ అని పిలవడం చూస్తున్న భారతీయ పాఠకుడికి ఈ ఏర్పాటును విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రదర్శన పదే పదే అమ్ముడవుతుంది, అరిగిన వెన్ను మాత్రం రెజ్లర్ ఇంటికి వెళుతుంది.

భారత సంతతి రెజ్లర్లు ఈ లెక్కలో ఎక్కడున్నారు? 2007లో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయిన ది గ్రేట్ ఖలీ, అంటే దలీప్ సింగ్ రాణా, రెండు అరచేతులతో తల నొక్కే పట్టును ఫినిషర్‌గా వాడాడు. విమర్శకులు నవ్వారు. ఏడడుగుల మనిషికి, మోకాళ్ల బాధతో ఉన్నవాడికి, అంతకంటే తెలివైన ఎంపిక లేదు. ఎవరూ పడక్కర్లేదు, చేతుల పరిమాణమే కథ చెబుతుంది. 2017 మే 21న రాండీ ఆర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ చాంపియన్ అయిన జిందర్ మహల్ ‘ఖల్లాస్’ కూడా పడేవాడిని చదునుగా వీపు మీదికి దించే పట్టే. ఖలీ 2015లో జలంధర్‌లో శిక్షణ అకాడమీ పెట్టాడు. ఈ దేశంలో ఇలాంటి శిక్షణ పెరిగే కొద్దీ, ఏ ఫినిషర్ నేర్పుతున్నారన్న దానికంటే పడటం ఎన్ని నెలలు నేర్పుతున్నారన్నది ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. మంచం మీద పరుపేసి తమ్ముడికి టూంబ్‌స్టోన్ వేసే పదేళ్ల పిల్లాడికి, మోకాళ్లకూ తలకూ మధ్య ఉండాల్సిన ఆ అంగుళాల సంగతి తెలియదు. ‘ఇంట్లో ప్రయత్నించవద్దు’ అన్న హెచ్చరిక తెర మీద వచ్చి పోతుంది. ఇదంతా అబద్ధమని చెబితే పిల్లాడు వినడు. ఎదుటివాడు కావాలని సాయం చేస్తేనే ఇది జరుగుతుందని, అందుకు ఏళ్ల శిక్షణ కావాలని చెబితే వినే అవకాశం ఉంది, ఎందుకంటే అది నిజం.

అయితే ఏది గొప్పది?

మూడు ప్రశ్నలనూ కలిపి చూస్తే స్టన్నర్‌దే మొదటి స్థానం. పడేవాడి మెడ అతడి అదుపులోనే ఉంటుంది, కొట్టేవాడు కూర్చుంటాడంతే, స్టేడియం మాత్రం పేలిపోతుంది. దాన్ని ప్రపంచానికి చూపించినవాడే పైల్‌డ్రైవర్ వల్ల మెడ పోగొట్టుకున్నవాడు కావడం చరిత్రలో ఉన్న వైచిత్రి. దాని వెనకే ఆటిట్యూడ్ అడ్జస్ట్‌మెంట్. ప్రేక్షకుడి కోణంలో ఆర్‌కేఓ ముందుండవచ్చు, కొట్టేవాడి వెన్ను దగ్గర అది వెనకబడుతుంది. టూంబ్‌స్టోన్ గొప్పదే, అండర్‌టేకర్ చేతుల్లో. డైవింగ్ హెడ్‌బట్ ఏ జాబితాలోనూ ఉండకూడదు.

ప్రమాదం తగ్గితే రక్తి కూడా తగ్గుతుందన్నది అభిమానుల్లో తరచూ వినిపించే మాట. 2025 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లో జరిగిన జాన్ సీనా చివరి మ్యాచ్ దానికి జవాబు చెప్పింది. గుంథర్ స్లీపర్ హోల్డ్ వేశాడు. వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి బిగించే, తాతల కాలం నాటి పట్టు. ఎవరూ గాల్లోకి లేవలేదు, ఎవరి తలా నేలకు తగల్లేదు. సీనా చేతితో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. స్టేడియం నివ్వెరపోయింది, తర్వాత కోపంతో అరిచింది. ఆ అరుపుల మధ్య సీనా తన కాళ్ల మీద తానే నడిచి బయటికి వెళ్లాడు.